బావ చేసిన చక్రాల బల్ల

మా బావ చేతిపని గురించి ఎవరడిగినా గంటసేపు చెప్పగలను. మాటల సంగతి అడిగితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. మనిషి బెల్లం కొట్టిన రాయి. అక్క కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే, తలుపు చట్రాన్ని చూసినట్టు పైనుంచి కిందికి చూసి "బాగానే ఉంది" అంటాడు. ఆయన లెక్కలో అది పెద్ద పొగడ్త.

చిన్నతనంలో బస్సులకు బాడీలు కట్టే చోట పనికి కుదిరి, సీట్ల కింద చెక్కలు బిగించడంతో మొదలుపెట్టాడు. తర్వాత కుర్చీలు చేసే ఒక పెద్ద కార్ఖానాలో చేరాడు. మా అక్క అక్కడే కుర్చీల సీట్లు అల్లేది. ఒకే పొడవాటి బల్లకు అటు బావ, ఇటు అక్క. ఆయన కుర్చీకి కాళ్ళు బిగించి ఇటు తోస్తే, ఆవిడ సీటు అల్లి పక్కన పెట్టేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎదురెదురుగా ఉంటే ఏమవుతుంది? పెళ్ళయింది. ఆ తర్వాత సొంతంగా షాపు పెట్టుకున్నారు. అప్పటి నుంచే వాళ్ళకు ఒకరి ముఖం ఒకరు చూసుకునే వీలు లేకుండా పోయింది.

ఎందుకంటే ఆ షాపు ఒకప్పుడు బళ్ళు కడిగే షెడ్డు. ఒక కారు, దాని చుట్టూ తిరిగే మనిషి పట్టేంత చోటు. గది నడిమధ్యలో బావ పెద్ద బల్ల, దాని మీద కోత మిషను. ఆయన పొడవాటి పలక ఒకటి ఎత్తి తిప్పాడంటే గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, ఉంటే తల పగలాలి. అందుకని పొద్దున బావ, మధ్యాహ్నం నుంచి అక్క. గుమ్మంలో ఎదురుపడితే "టీ ఫ్లాస్కులో ఉంది" అని ఈవిడ, "జిగురు అయిపోయింది" అని ఆయన. నాది పక్క గదిలోనే టైలరింగు. మధ్యలో ఒక తలుపు ఉంది కాబట్టి వాళ్ళ కాపురమంతా నాకు వినపడుతూనే ఉంటుంది. వినడానికి ఏమీ ఉండదు, అది వేరే సంగతి.

ఇలా ఉండగా ఊరి చివర ఫర్నిచరు కంపెనీ వాళ్ళు అక్కను పిలిచారు. కొత్తవాళ్ళకు అల్లకం నేర్పాలి, పగటి పని, వచ్చే సోమవారం నుంచి రావాలి. అక్క ఆ మాట బావతో చెప్పి, ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. అక్కకు ఏం కావాలో తలుపు ఇవతల సూదిలో దారం ఎక్కిస్తున్న నాకే అర్థమైంది. ఆయన చిత్రిక పట్టడం ఆపలేదు.

"నీ ఇష్టం," అన్నాడు.

అక్క నా గదిలోకి వచ్చి నీళ్ళు తాగి కూర్చుంది. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. లేచి వెళ్ళి నాలుగూ దులిపేద్దామనుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని "ఊరుకో" అంది.

మర్నాడు పొద్దున పక్క గదిలో రంపం చప్పుడు వేరేగా వినిపించింది. తొంగి చూసి నోరు వెళ్ళబెట్టాను. తన పెద్ద బల్లనే నిలువునా కోసేస్తున్నాడు మహానుభావుడు.

"బావా, నీకేమైనా మతి పోయిందా?"

"బండి చేస్తున్నా."

"ఏం బండి?"

అంతే. ఇన్నేళ్ళలో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఆ పూట మాట్లాడినన్ని కావు. నా చేతిలోని సుద్ద లాక్కుని, నా కటింగు కాగితం మీద గీతలు గీశాడు. "ఇదిగో, మిషను బల్లలోకి దిగిపోతుంది, పైన చదునుగా ఉంటుంది. పక్కన మడత పలక. కావాలంటే లేపుకోవచ్చు, లేకపోతే వేలాడుతుంది. కింద డ్రిల్లు, క్లాంపులు. నాలుగు చక్రాలు, నాలుగింటికీ బ్రేకులు. పొడుగు పలక కొయ్యాలంటే బండిని గుమ్మం వైపు తిప్పితే చాలు, పలక వీధిలోకి పోతుంది. గది మధ్య ఖాళీ అయిపోతుంది. అటు గోడ దగ్గర నేను, ఇటు గోడ దగ్గర మీ అక్క. ఎవరికి కావాలంటే వాళ్ళ దగ్గరికి బండి వస్తుంది."

"ఇద్దరూ ఒకేసారా?"

"ఒకేసారి."

నేను ఎగిరి గంతేశాను. అక్కను కేకేశాను. అక్క వచ్చి, ఆ కాగితాన్ని చూసి, నవ్వు దాచుకుంటూ "నా తీగ చుట్టలు ఎక్కడ పెట్టుకోవాలి?" అంది. అక్కడ మొదలైంది సందడి. చుట్టలకు రెండు కడ్డీలు కావాలంది. సొరుగులు రెండు కావాలంది, ఒకటి లోతుగా ఉండాలంది. బావ ఆవిడను గోడ దగ్గర నిలబెట్టి, మోచెయ్యి నేలకు ఎంత ఎత్తులో ఉందో నా టేపుతో కొలిచాడు. తన మోచెయ్యి నన్ను కొలవమన్నాడు. రెండింటికీ నడుమ ఎత్తు తీసుకున్నాడు. కొలిచేటప్పుడు ఆవిడ చెయ్యి కాస్త ఎక్కువసేపే పట్టుకున్నాడని నేను చూడకపోలేదు.

ఆ వారమంతా నా కుట్టు అటకెక్కింది. జాకెట్టు కోసం వచ్చిన ఒకావిడ జాకెట్టు సంగతి మరిచిపోయి, బావ మేకు కొడుతుంటే పలక రెండో కొస పట్టుకుని నిలబడింది. మిషను కింద పొట్టు రాలడానికి మందపాటి ప్యాంటు గుడ్డతో నేనే సంచీ కుట్టి ఇచ్చాను. బావ ఈల కూడా వేశాడు. ఆయనకు ఈల వచ్చని అక్కకే తెలియదట. కంపెనీ ఊసు మాత్రం ఆయన ఎత్తలేదు, ఈవిడా ఎత్తలేదు. సోమవారం పొద్దున వెళ్ళాలో వద్దో తేలాలన్న సంగతి మాత్రం ముగ్గురి బుర్రల్లోనూ ఉంది.

ఆదివారం మధ్యాహ్నానికి బండి సిద్ధమైంది. బావ తన గోడ వైపు చోట్లో దాన్ని నిలిపి, చదును చూసే రసమట్టం పెట్టాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. పెన్సిలు పెడితే కదల్లేదు. "ఇక మీ అక్క వైపు," అంటూ తోశాడు. గది మధ్యలో నీళ్ళు పోయే కాలువ మీది ఇనప జాలీ దాటి, ఒక్క వేలితో తోసినట్టు వెళ్ళింది బండి. బ్రేకులు వేశాడు.

పెన్సిలు దొర్లి కింద పడింది. అది తీద్దామని అక్క వంగేలోపు బల్ల మీది తీగ చుట్టలు రెండూ దొర్లిపోయాయి. జిగురు డబ్బా జారి నా కాళ్ళ దగ్గర పడింది. రసమట్టం పెడితే బుడగ ఒక మూలకు పోయి దాక్కుంది.

నేనైతే పకపకా నవ్వాను. బళ్ళు కడిగే షెడ్డు కదా, నీళ్ళు పోవడానికి నేల రెండు గోడల నుంచీ మధ్య కాలువ వైపు వాలుగా ఉంటుంది. ఆ షాపులో ఏ బల్లకూ నాలుగు కాళ్ళూ సమానంగా ఉండవు. ఎక్కడ పెట్టే బల్లకు అక్కడి వాలుకు తగ్గట్టు కోస్తాడు బావ. ఇన్నేళ్ళ అలవాటు. కదలని బల్లకు అది తెలివే. చక్రాల బల్లకు కూడా ఒకే చోటికి సరిపోయేలా కాళ్ళు కోసిన వడ్రంగి మా బావ ఒక్కడే అయ్యుంటాడు.

అక్క నవ్వలేదని చూసి నోరు మూసుకున్నాను.

"కాళ్ళన్నీ సమానంగా కోస్తే రెండు చోట్లా వంకరే," అన్నాడు బావ, నేల వైపు చూస్తూ.

"పోనీలెండి," అంది అక్క.

ఆ "పోనీలెండి" వినగానే నాకు భయమేసింది. కోపమొస్తే అక్క అరుస్తుంది. ఇలా మెత్తగా అందంటే మనసులో ఏదో తేల్చేసుకున్నట్టే. బ్రేకులు తీసి బండిని వెనక్కి తోసింది. చక్రం ఒకటి జాలీలో ఇరుక్కుంది. ఆవిడకు అసలు కోపం అప్పుడొచ్చింది. రెండు చేతులతో ఒక్క లాగు లాగేసరికి బండి గిర్రున తిరిగి, ముందు వైపు వెనక్కి పోయి, మళ్ళీ ఆవిడ గోడ వైపే వచ్చి ఆగింది. చేతిలోని పెన్సిలును విసుగ్గా దాని మీద పడేసింది.

పెన్సిలు అక్కడే ఉండిపోయింది.

బావ రసమట్టం పెట్టాడు. బుడగ మధ్యలో ఉంది. అడ్డంగా తిప్పి పెట్టి కూడా చూశాడు. తర్వాత వేలు తెగినవాడిలా కేక పెట్టాడు. "అటు వాలూ మధ్యకే, ఇటు వాలూ మధ్యకే. పొడుగు కాళ్ళు ఎప్పుడూ కాలువ వైపు ఉంటే చాలు. తిప్పితే చాలు. అంతే, తిప్పితే చాలు." బండిని తన వైపు తోశాడు, తిప్పాడు, పెన్సిలు పెట్టాడు. మళ్ళీ ఈ వైపు తెచ్చి తిప్పాడు. నేనూ తోశాను. ముగ్గురం చెమటలు కారేదాకా అటూ ఇటూ తిప్పాం.

కాకపోతే ఒక చిక్కు. తిప్పేసరికి అక్క సొరుగులు ఆవిడకు అందకుండా అవతలి వైపుకు పోయాయి. "అరగంట పని, విప్పి ఇటు బిగిస్తా," అని బావ స్క్రూడ్రైవరు తీసుకుని కింద కూర్చున్నాడు.

"ఎందుకు విప్పడం," అంది అక్క. "నేను కంపెనీకి వెళ్తే ఆ సొరుగులతో ఎవరికి పని?"

స్క్రూడ్రైవరు ఆగిపోయింది. నా నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. అయినా పళ్ళు బిగించి, గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. బావ పైకి లేవలేదు. కింద కూర్చునే, తలెత్తి ఆవిడ వైపు చూశాడు.

"వెళ్ళకు," అన్నాడు. స్క్రూడ్రైవరు కింద పెట్టి, "ఆ రోజు నీ ఇష్టం అన్నాను గానీ, నాకు ఇష్టం లేదు. అప్పట్లో బల్లకు అటూ ఇటూ ఉండేవాళ్ళం కదా. నాకు అలా కావాలి. నువ్వు ఎదురుగా ఉండాలి."

అక్క కళ్ళు నిండాయి. నావీ నిండాయి, దాచుకోవడం ఎందుకు. ఆవిడ మాత్రం కొంగుతో ముఖం తుడుచుకుని ఆయన మీద విరుచుకుపడింది.

"ఈ మాట ఆ రోజే అనొచ్చుగా. నేను ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమేగా. ఇది నోటితో అనలేక బంగారంలాంటి బల్లను నిలువునా కోసేస్తారా?"

"మరి ఈ బండి..." అని నసిగాడు బావ.

"బండి బాగానే ఉంది," అంది అక్క. "ఆ సొరుగులు తొందరగా ఇటు బిగించండి. రేపు పొద్దున్నే నాకు ఇక్కడ పని ఉంది."