కాల్వ పొంటి ఉరికిన కోడలు

ఆ రోజుల్లో ఆడదానికి నెల తప్పిందని తెలియగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆవిడ చేతిలోంచి ఏదో ఒకటి లాక్కునేవాళ్ళు. ఒకరు బిందె లాక్కుంటే ఇంకొకరు చీపురు లాక్కుంటారు, మూడో ఆవిడ వచ్చి మంచం వాల్చి కూర్చోబెడుతుంది. (వారం తిరిగేసరికి బిందె, చీపురు మళ్ళీ మన చేతికే వస్తాయి. మంచం మాత్రం అలంకారంగా ఉండిపోతుంది.) ఇప్పటి పిల్లలు కడుపుతో ఉండి యోగా అంటున్నారు, ఈత అంటున్నారు. మా చిన్న కోడలు ఏడో నెలలో వీధి చివరిదాకా చకచకా నడిచి వస్తుంటే చూసి, ఎదురింటావిడ "మీ కాలంలో ఇవన్నీ ఎక్కడివి లెండి" అంది నాతో. మా కాలంలో నేను చేసిన పనికి ఒక ట్రాక్టరు, నాలుగు వెదురు గడలు, ఊళ్ళో సగం జనం కదిలి వచ్చారంటే ఆవిడ నమ్మదు. మీరు నమ్ముతారని చెబుతున్నాను.

డెబ్బై మూడో డెబ్బై నాలుగో, సరిగ్గా గుర్తులేదు. మా అత్తవారు గుంటూరు వైపు నుంచి వచ్చి బీర్కూరు దగ్గర కాలువ కింద పొలం కొనుక్కుని స్థిరపడినవాళ్ళు. మా ఆయన మాత్రం నాగలి జోలికి పోకుండా సుద్దముక్క పట్టుకుని బాన్సువాడ హైస్కూల్లో తెలుగు పంతులయ్యారు. మేమిద్దరం ఊళ్ళో ఒక అవ్వ ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. ఇంతకీ అసలు సంగతేమిటంటే, పెళ్ళికి ముందు నేను పరుగుపందాల పిల్లని. మా ఊరి బళ్ళో నాలుగొందల మీటర్లకి వరసగా మూడేళ్ళు మొదటి బహుమతి నాదే. ఏటా ఒక స్టీలు గ్లాసు ఇచ్చేవారు. ఆ మూడు గ్లాసులూ నాతో కాపురానికి వచ్చాయి గానీ పరుగు రాలేదు. పెళ్ళయిన రెండేళ్ళలో నేను పరిగెత్తింది పాలు పొంగినప్పుడు మాత్రమే. ఈ బాధ ఎవరికి చెప్పుకోను? మొగుడు కోప్పడ్డాడంటే జాలిపడతారు, అత్త సాధిస్తోందంటే ఓదారుస్తారు. పరిగెత్తాలని ఉందంటే మాత్రం దయ్యం పట్టిందంటారు.

నాలుగో నెలలో దవాఖానకి వెళితే డాక్టరమ్మ నా నాడి చూసి, పెళ్ళికి ముందు ఏం పని చేసేదానివని అడిగింది. నోరు జారి "పరిగెత్తేదాన్నండి" అన్నాను. ఆవిడ కలం పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. ఇగ తిడుతుందనుకున్నాను. (చూశారా, ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉంటే రాతలో కూడా 'ఇగ' వచ్చేస్తోంది.) ఆవిడ తిట్టలేదు. "మరి ఇప్పుడెందుకు ఆపినవ్? అలవాటున్న ఒళ్ళే గదా. మెల్లగ ఉరుకు, ఆయాసమైతే నడువు. ఆరో నెల దాటినంక నడకే" అని, ఏదో గిలికి చిట్టీ చేతికిచ్చింది. దవాఖాన మెట్లు దిగుతున్నప్పుడు నాకు కన్నీళ్ళు వచ్చాయి. తల్లిని కాబోతున్నందుకు అనుకుని మా ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు. నేను కాదనలేదు.

మర్నాడే మొదలుపెట్టాను. తెల్లవారగానే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మా ఆయన గుడ్డ బూట్లలో పాతగుడ్డలు కుక్కి వేసుకుని, ఊరి చివర పెద్దకాలువ గట్టు మీద వంతెన నుంచి తుమ్మచెట్ల దాకా మెల్లగా పరుగు. మా ఆయన సైకిలు మీద ఇరవై గజాల వెనక వచ్చేవారు. ఎవరైనా ఎదురైతే నేనెవరో తెలియనట్టు పొలాల వైపు చూసేవారు. పంతులుగారి పరువు పంతులుగారిది. మా అత్తగారికి మాత్రం ఈ సంగతి తెలియకూడదని ఇద్దరం ఒట్టేసుకున్నాం. తెలిసిందా, మరుక్షణం నన్ను క్యాంపుకి తీసుకుపోతారు. (మా వైపు నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఇళ్ళని అందరూ క్యాంపు అనేవాళ్ళు.) అక్కడ నాకోసం నులక మంచం, గడప దాటకుండా కాపలా కాసే ఏడుగురు మనుషులు సిద్ధం. ఇంక ఈ జన్మకి పరుగు లేనట్టే.

అత్తగారికి చెప్పకుండా దాచాం గానీ ఇంటి అవ్వ దగ్గర ఎలా దాచగలం? అవ్వకి నేనంటే ప్రాణం. మొదటి రోజు నుంచీ నా వెంటపడి బతిమాలింది. "గట్ల ఉరుకకు బిడ్డా. కడుపుల పిల్ల బెదురుతది" అనేది. డాక్టరమ్మే చెప్పిందంటే, ఆమెకు పెండ్లే కాలేదు, ఆమెకేం ఎరుక అనేది. వారం రోజులు చూసి ఇక తన వల్ల కాదనుకుని, ఒక ఆదివారం పొద్దున్నే బీర్కూరు బస్సు కండక్టరుతో మా అత్తగారికి కబురు పంపింది. నా మంచి కోరే పంపింది, అందులో అనుమానం లేదు. ఆ కండక్టరు కూడా మంచివాడే. క్యాంపు దగ్గర బస్సు ఆపించి, అరుగు మీద కూర్చున్న మా అత్తగారికి కబురు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. "అమ్మా, మీ కోడలు కాల్వ పొంటి ఉరికిందంట. మీరొచ్చి సూసుకోవాల్నని అవ్వ చెప్పుమన్నది." రెండు గంటలు కొట్టి బస్సు పోనిచ్చాడు.

ఈ ఊళ్ళో 'ఉరికింది' అంటే పరిగెత్తిందని, 'కాల్వ పొంటి' అంటే కాలువ వెంబడి అని బాన్సువాడలో బస్టాండు స్తంభానికి కూడా తెలుసు. మా అత్తగారికి తెలియదు. ఎనిమిదేళ్ళయినా క్యాంపు దాటి నలుగురితో మాట్లాడిన మనిషి కాదు. ఆవిడ పుట్టిన ఊళ్ళో ఉరికిందంటే దూకిందనే అర్థం. కోడలు, కాలువ, ఉరికింది, వచ్చి చూసుకోండి. ఇంకేం కావాలి?

ఇక్కడ నేను పరుగు ముగించుకుని వచ్చి, స్నానం చేసి, ఉప్మా తింటున్నాను. మా ఆయన మంగలి దగ్గరికి వెళ్ళారు. వీధిలో జనం కాలువ వైపు పోతున్న అలికిడి వినిపించింది. ఎవరో ఆంధ్రోళ్ళ కోడలట, కడుపుతో ఉన్నదట, కాలువలో దూకిందట. కడుపుతో ఉన్నవాళ్ళు ఇలాంటివి చూడకూడదని అవ్వ నన్ను వారించింది. వారిస్తూనే నాకంటే ముందు గడప దాటింది. వంతెన దగ్గర మా ట్రాక్టరు లాంటి ట్రాక్టరే ఒకటి ఆగి ఉంది. నీళ్ళలో మగవాళ్ళు గడలతో వెతుకుతున్నారు. అవ్వ నా చెయ్యి పట్టుకుని, రోజూ ఇటే ఉరుకుతావు గదా, పొద్దున ఎవరన్నా కనపడ్డారా అని అడిగింది. లేదన్నాను. అన్నానే గానీ నాకు ఏడుపు ఆగలేదు. నాలాగే ఊరు కాని ఊరు వచ్చిన పిల్ల, నాలాగే కడుపుతో ఉన్న పిల్ల. కొంగు అడ్డం పెట్టుకుని నేనూ ఏడ్చాను, అవ్వా ఏడ్చింది. ఏడుస్తూ పైకే అనేశాను: "ఆ అత్తగారెవరో గానీ రాచి రంపాన పెట్టి ఉంటుంది. లేకపోతే ఎందుకు దూకుతుంది?"

వంతెన గోడ పక్కన నెత్తిన కొంగు కప్పుకుని నేల మీద కూలబడి ఉన్న ఒకావిడ వెనక్కి తిరిగింది. మా అత్తగారు. ఆవిడ లేచి వచ్చి నన్ను నెత్తి నుంచి పాదాల దాకా తడిమారు. చీర చెంగు పట్టుకుని పిండి చూశారు.

"తడవలేదేంటే నువ్వు?" అన్నారు.

"స్నానం చేసి గంటయిందండీ" అన్నాను. ఏ ప్రశ్నకైనా మర్యాదగా జవాబు చెప్పాలని మా అమ్మ నేర్పింది మరి.

ఆవిడ నన్ను పొదివి పట్టుకుని భోరుమన్నారు. అప్పుడు చూశాను, ఆవిడ కాళ్ళకి చెప్పులు లేవు. చేతికి శనగపిండి ఎండిపోయి ఉంది. ఏ పని మధ్యలో వదిలేసి ట్రాక్టరెక్కారో. నన్ను సాధించడానికే పుట్టిందనుకున్న మనిషి నాకోసం అలా ఏడుస్తుంటే, నేను అన్న మాటకి సిగ్గుతో చచ్చిపోయాను. ట్రాక్టరు తోలుకొచ్చిన మా బావగారు మాత్రం ఇంకా నన్ను వెతుకుతూ నీళ్ళలో మునుగుతూనే ఉన్నారు. తల పైకి వచ్చినప్పుడల్లా జనం చెప్పబోవడం, ఆయన వినిపించుకోకుండా మళ్ళీ మునగడం. నాలుగోసారి పైకి లేచాక గట్టు మీద నన్ను చూసి అక్కడే నీళ్ళలో నిలబడి దండం పెట్టారు. అవ్వ మాత్రం ఎవరేమన్నా ఒప్పుకోలేదు. "ఉరికింది అంటే ఉరికింది అన్న. దుంకింది అన్ననా?" అని కండక్టరుతో చాలాకాలం మాట్లాడలేదు.

మా ఆయన ఒక చెంప గీయించుకుని, రెండో చెంపకి సబ్బు నురగతో వచ్చారు. సైకిలు మంగలి దగ్గరే వదిలేసి బజారంతా పరిగెత్తుకుంటూ వచ్చారట. ఆ పరుగు నేను చూడలేదు గానీ, చూసినవాళ్ళు చెప్పినదాన్ని బట్టి నాలుగొందల మీటర్లకి నాకు పోటీ వచ్చేవారే.

ఇంటికి వచ్చాక సంగతంతా బయటపడింది. మా అత్తగారు కళ్ళు తుడుచుకుని, మంచినీళ్ళు తాగి, తీర్పు చెప్పారు. సామాను సర్దుకో, కాన్పయ్యేదాకా క్యాంపులోనే, గడప దాటేది లేదు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మూడు స్టీలు గ్లాసులు అలమరలో కనబడుతున్నాయి. అయిపోయిందనుకున్నాను. అప్పుడు మా ఆయన, వాళ్ళమ్మ ముందు ఏనాడూ గొంతు ఎత్తని మనిషి, మేకుకి గుచ్చిన డాక్టరమ్మ చిట్టీ తీసుకుని, సగం నురగ ముఖంతోనే బళ్ళో పాఠం చదివినట్టు చదివారు. "గర్భవతి ప్రాతఃకాలమున మెల్లగా పరుగిడవలెను. ఆరవ మాసము పిదప నడువవలెను. అడ్డగించినచో వైద్యురాలు బాధ్యురాలు కాదు."

ఇంగ్లీషు చిట్టీలో ఇంత గ్రాంథికం ఎలా వచ్చిందో ఎవరికీ తట్టలేదు. అందులో ఉన్నది ఇనుము మాత్రలు, పూటకొకటి అని, అంతే. మా అత్తగారు మళ్ళీ చదవమన్నారు. ఒక్క అక్షరం తేడా లేకుండా మళ్ళీ చదివారు. పిల్లల చేత పద్యాలు వల్లె వేయించే మనిషికి అదొక లెక్కా? ఆవిడ చిట్టీ తీసుకుని చెంగున ముడివేసుకున్నారు. నన్ను తీసుకుపోలేదు. తనే నెల రోజులు మా ఇంట్లో ఉన్నారు. మాత్రలు అయిపోతే నేనే తెస్తానని తనే మందుల షాపుకి వెళ్ళేవారు. పొద్దున్నే వంతెన మీద అవ్వ పక్కన కూర్చుని నా పరుగుకి కాపలా కాసేవారు. మా ఆయన సైకిలు కూడా వెనక నుంచి పక్కకి వచ్చింది. అమ్మాయి సుఖంగా పుట్టింది. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు అత్తగారే చిట్టీ తీసి, "పో, ఆలస్యమవుతోంది" అన్నారు. (ముగ్గురు పిల్లలెందుకమ్మా అని ఆ మధ్య ఎవరో అడిగారు. ఆ చిట్టీ కడుపుతో ఉన్నవాళ్ళకే చెల్లుతుందని ఎలా చెప్పను?)

మూడోసారి, ఎనభైల్లోకి వచ్చాక, చిట్టీ కనబడక ఇల్లంతా వెతుకుతున్నాను. మా అత్తగారు చేటలో కందిపప్పు ఏరుతూ, తల ఎత్తకుండా, "ఇనుము మాత్రల చిట్టీయేనా?" అన్నారు.

ఆవిడకి మొదటి నెలలోనే తెలిసిందట. పరుగు సంగతి ఎక్కడ రాసి ఉందో చూపించమంటే మందుల షాపాయన చిట్టీ వెనక్కి తిప్పి కూడా చూశాడట. మరి అప్పుడే ఎందుకు అడగలేదండీ అన్నాను.

"అడిగితే మానేసేదానివిగా" అన్నారు. ఒక రాయి ఏరి పక్కన పడేశారు. "ఆ రోజు నిన్ను నీళ్ళలో వెతుకుతుంటే గట్టు మీద కనబడ్డావు. గట్టు మీద ఎంతసేపు ఉరికితే నాకేంటి?"

ఇప్పుడు ఆవిడా లేరు, అవ్వా లేదు. నాకు పరుగుకి ఏ చిట్టీ అక్కర్లేదు, కానీ మోకాళ్ళు నా మాట వినవు. అయినా పొద్దున్నే కాలువ గట్టుకి వెళతాను. ఎవరూ చూడనప్పుడు కొంగు దోపుకుని నాలుగడుగులు వేగంగా వేస్తాను, దాన్నే పరుగనుకుంటాను. మొన్న అలా వేస్తుంటే నిజామాబాదు నుంచి మా అమ్మాయి ఫోను. ఎక్కడున్నావమ్మా, ఎగపోస్తున్నావెందుకు, అంత ఆయాసమేంటి అంది. "కాల్వ పొంటి ఉరుకుతున్న" అన్నాను. ఆ రోజుల్లో నా కడుపులో ఉండి ఈ గట్టు మీద నాతోపాటు ఉరికిన పిల్ల, ఈ ఊళ్ళో పుట్టిన పిల్ల, అది కంగారుపడలేదు.

"మెల్లగ ఉరుకమ్మా" అంది.