నాలుగో నంబరు వైరు నా చేతిలోనే ఉంది

దయ్యం అనే మాట వింటే నాకు భయం కలగదు, ఒళ్ళు మండుతుంది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో మీటర్ల విభాగంలో పనిచేసి రిటైరైన వాడిని. ఒక మీటరు మీద అనుమానం వస్తే ఇంకో మీటరు పెట్టి సరిచూడడమే నాకు తెలిసిన విద్య. చిన్నప్పటి నుంచి డైరీ రాస్తున్నాను. చూసింది రాస్తాను, ఊహించుకున్నది రాయను. ఇదీ అలాగే రాస్తున్నాను.

మా తమ్ముడి కూతురు సుజాత, ఆమె భర్త శ్రీనివాస్ బోధన్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడిపేవారు. మా వైపు బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వచ్చిన రోజులవి. కాలేజీ కుర్రాళ్ళు, సరిహద్దు అవతలి నుంచి బస్సెక్కి వచ్చే మరాఠీ పిల్లలు అక్కడ చేరి తుపాకుల ఆట ఆడేవారు. శ్రీనివాస్ కామెర్లతో పోయాడు. సుజాత సెంటర్ మూయలేదు. ఆమెకూ, ఆమె కూతురికీ అదే తిండి.

కానీ సెంటర్ ఉన్న మడిగె, అంటే ఆ దుకాణపు గది, అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. శ్రీనివాస్ అన్న గంగాధర్ దాన్ని ఎరువుల దుకాణానికి అద్దెకివ్వాలని చూస్తున్నాడు.

ఆ ఏడు దసరా తర్వాత నాలుగో నంబరు కంప్యూటర్‌లో ఆట ఆగి ఆగి నడవసాగింది. శ్రీనివాస్ ఎప్పుడూ కూర్చునేది దాని ముందే. తుపాకీ ఎత్తేలోపు బొమ్మ బిగుసుకుపోయేది, మళ్ళీ కదిలేసరికి చచ్చి పడి ఉండేది. గంగాధర్‌కు ఇంకేం కావాలి? "మా తమ్ముడు ఎవ్వల్ని ఆడనిస్తలేడు" అని ఊరంతా చెప్పుకొచ్చాడు. కుర్రాళ్ళు రావడం తగ్గించారు.

సుజాత మా ఇంటికొచ్చింది.

"పెద్దబాపూ, ఆయితారం బావ పెద్దమనుషులను తోలుకొస్తడట. దయ్యం వట్టిన దుకాణం ఎందుకు, తాళమెయ్యి అంటున్నడు. ఒక్కపారి వచ్చి సూడు."

చనిపోయినవాణ్ణి అడ్డం పెట్టుకొని బతికున్నదాని నోటి దగ్గర కూడు లాగడం! ఆ కోపంతోనే వెళ్ళాను.

లైను నెమ్మదైతే అన్ని కంప్యూటర్లూ ఆగాలి. ఆగుతున్నది ఒక్కటే. అంటే తప్పు లైనుది కాదు. తర్వాత దయ్యం కుర్చీని పట్టిందో, కంప్యూటర్ డబ్బాను పట్టిందో తేల్చుకోవాలి కదా. నాలుగో డబ్బాను రెండో బల్ల మీదికి, రెండోదాన్ని దీని చోటికి మార్చాను. ఆగడం కూడా డబ్బాతో పాటు రెండో బల్లకు వెళ్ళింది. మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టి, నాలుగో దాని మూత విప్పాను.

విప్పగానే పసుపు వాసన. మాది పసుపు పండే జిల్లా, ఆయుధపూజ చేతికి ఎముక లేకుండా చేస్తారు. డబ్బాకు చల్లిన పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్ళు సందుల్లోంచి లోపలికి దిగాయి. పైన సాంబ్రాణి మసి. అది శ్రీనివాస్‌ది కాబట్టి దానికి భక్తి మరీ ఎక్కువ జరిగింది. ప్రాసెసర్ మీది ఫ్యాను ముద్దకట్టి సరిగా తిరగడం లేదు. ప్రాసెసర్ వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆట ఆగినప్పుడల్లా కుర్రాళ్ళు ల్యాగ్ అని తిట్టుకున్నది దాన్నే.

అదొక్కటే కాదు. నిజామాబాద్‌లో దాన్ని బిగించి ఇచ్చినవాడు చెప్పిన మెమరీలో సగమే పెట్టాడు. ఆట అందులో పట్టక మాటిమాటికీ హార్డ్‌డిస్క్‌ను తవ్వుకుంటోంది. బస్సెక్కి వెళ్ళి వాడి బల్ల మీద ఆ మెమరీ ముక్క పెట్టాను.

"గా ఊర్ల గంత మెమరీ ఏం జేస్కుంటరు పెద్దమనిషీ? ఎవ్వలు ఇప్పి సూస్తరు?" అని నవ్వాడు.

"నేను చూశాను" అన్నాను. మిగతా సగం చేతిలో పడేదాకా అక్కడి నుంచి కదలలేదు.

ఫ్యాను మార్చాను, మెమరీ వేశాను. ఆట నీళ్ళలా నడిచింది.

ఆదివారం పొద్దున గంగాధర్ ఇద్దరు పెద్దమనుషులతో వచ్చాడు. పాత ఫ్యాను చూపించి జరిగింది చెప్పాను.

"అంటే పూజ జేసుడు తప్పంటవా?" అన్నాడు ఒక పెద్దమనిషి. ఇంత చెబితే అతనికి ఎక్కింది అదొక్కటే.

"కొత్త సామాన్లేస్తే దయ్యం వోతదా మామా?" అన్నాడు గంగాధర్.

"ఉంటే కదా పోవడానికి! ఆడి చూపిస్తాను, కూర్చో."

నాలుగో నంబరు ముందు నేను కూర్చున్నాను, రెండో దాని ముందు సుజాత. నాకు ఆట రాదు. నా బొమ్మ పోయి పోయి గోడలకు గుద్దుకుంటోంది. "ముసలాయనకు తుపాకి ఇచ్చిన్రు, ఇగ సూడుర్రి!" అని రెండో పెద్దమనిషి పకపకా నవ్వాడు. నవ్వితే నవ్వాడు, బొమ్మ మాత్రం ఎక్కడా ఆగలేదు. గంగాధర్‌కు అది మింగుడుపడలేదు. వంగి, డబ్బా వెనక నుంచి నెట్‌వర్క్ వైరు పీకేశాడు.

"ఇగ ఆడుర్రి!"

లేచి వైరు అతని చేతిలోంచి లాక్కున్నాను. నా తెర బిగుసుకుపోయింది, లైను తెగిందని అక్షరాలు వచ్చాయి. అలాగే రావాలి.

"పెద్దబాపూ, నువ్వు ఆడుతున్నవా?" అంది సుజాత.

అందరం ఆమె తెర వైపు చూశాం. నా బొమ్మ నడుస్తోంది. గోడను తప్పుకుంది, మెట్లెక్కింది, తలుపు తెరుచుకొని లోపలికి వెళ్ళి, ఇంకో వైపు నుంచి బయటికి వచ్చింది. ఏ తొందరా లేదు. దారి బాగా తెలిసినవాడి నడక అది. సుజాత ఆటగాళ్ళ జాబితా తెరిచింది. పేరు పక్కన ఎవరికి ఎంత ఆలస్యమో చూపించే అంకె ఉంటుంది. మా ఊరి లైనుకు అది ఎప్పుడూ పెద్దదే. నా పేరు పక్కన సున్నా ఉంది. వైరు కొస నా పిడికిట్లో ఉంది.

బొమ్మ వచ్చి సుజాత బొమ్మ పక్కన నిలబడింది. ఆ తర్వాత జాబితాలోంచి పేరు పోయింది.

గంగాధర్ వెళ్ళిపోయాడు. ఎరువుల వ్యాపారికి మడిగె ఇవ్వనని తనే చెప్పాడట.

కంప్యూటర్లు తెలిసినవాళ్ళందరినీ అడిగాను. లైను తెగితే మిగతా కంప్యూటర్లు ఆ బొమ్మను ఒక్క క్షణం అంచనాతో ముందుకు నడుపుతాయట, అదీ తిన్నగా. మెట్లెక్కదు, తలుపు తెరవదు. ఇంకెవరో అదే పేరుతో చేరారనుకుంటే జాబితాలో ఆ పేరు రెండుసార్లు కనిపించాలి. కనిపించలేదు.

సెంటర్ నిలబడింది. సంతోషించాల్సింది, కానీ నాకు ఇప్పటికీ కోపమే. పసుపు పట్టిన ఫ్యాను చూపిస్తే ఒక్కరూ తల ఊపలేదు. భర్త పోయినా దుకాణం నడుపుకుంటున్న మనిషి ఎదురుగా కూర్చుంటే ఆమె ముఖం చూసి ఆగలేదు. వైరు లేని బొమ్మ నాలుగు అడుగులు వేస్తే ఆగారు. ఆ బొమ్మను నడిపించింది ఏమిటో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా అంతుపట్టదు.

సెంటర్ ఎలా నిలబడిందని ఎవరైనా అడిగితే సుజాత "మా పెద్దబాపు రిపేర్ జేసిండు" అంటుంది. నా రిపేరుతో నిలబడలేదు కదా, అలా అనకమ్మా అంటే వినదు.