డెబ్బై మూడు దగ్గర ఆగిన లెక్క

మొన్న మనవడు కొత్త కాలిక్యులేటర్ తెచ్చి, ఏదైనా పెద్ద సంఖ్య చెప్పు అవ్వా అంటే, నా నోటికి తడుముకోకుండా వచ్చింది పదివేల ఒకటి. డెబ్బై మూడుతో భాగించమన్నాను. మీట నొక్కాడో లేదో నూట ముప్పై ఏడు వచ్చి కూర్చుంది, శేషం లేదు. వాడు ఇంకో సంఖ్య అడుగుతున్నాడు గాని నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాక, వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

గిర్మిట్ అని పిలిచే చెరకుతోటల కూలి ఒప్పందం చివరి ఏళ్లలో, సముద్రం దాటొచ్చిన దీవిలో, నవువా కూలీ లైన్లలో మా పక్క గది మామది. నాయనతో ఒకే ఓడలో వచ్చిన జహాజీ గనుక చుట్టం కాకపోయినా మామ అయ్యాడు. ఇద్దరూ చిన్నప్పుడు వీధిబడిలో ఎక్కాలు వల్లించినవాళ్లే. ఆదివారం యాంగోనా వేరు పానీయం గిన్నె చుట్టూ తక్కినవాళ్లు పాటలు పాడుకుంటుంటే వీళ్లు లెక్కలతో తగువులాడుకునేవారు. ఒకసారి మామ వెయ్యిన్నొకటిని శేషం లేకుండా భాగించమంటే, నాయన చేతిలోని కొబ్బరిచిప్ప కింద పెట్టేలోగా ఏడు, పదకొండు, పదమూడు అనేశాడు. మామ వెంటనే మధ్యలో ఇంకో సున్నా చేర్చి పదివేల ఒకటి చేశాడు.

“అరే జహాజీ, ఇప్పుడు భాగించు! చేశావంటే నేను తిరుగు ఓడ ఎక్కను, నీ పక్కనే వరి వేస్తా. తుమ్‌సే నై హోయి, నీ వల్ల కాదు!”

మామ అప్పటికే సొంత దేశానికి తిరిగిపోయే ఓడలో పేరు వేయించుకున్నాడు. పందెం నవ్వుతూ వేసిందే అయినా నాయన నవ్వలేదు. ఆ దీవిలో మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఆయనకు అతనొక్కడే. చెరకు కొడుతున్నా, అన్నం తింటున్నా పెదవులు భాగహారాలే చేసేవి. నేను తగరపు రేకు మీద బొగ్గుతో వేసేదాన్ని, ఆయన సరిచూసేవాడు. డెబ్బై ఒకటి దాకా వచ్చినా ఏదో ఒకటి మిగులుతూనే ఉంది, తెల్లవారితే మామ ఓడ ఎక్కడానికి సువా రేవుకు బయల్దేరాలి. నన్ను నీళ్లకు పంపి నాయన తానే రేకు అందుకున్నాడు. నేను వచ్చేసరికి రేకు తుడిచి ఉంది, ఇంకా తడి ఆరలేదు. ఓడిపోయానని మామతో చెప్పాడు. “నే చెప్పలా!” అని మామ నవ్వబోయి, ఎందుకో మొహం తిప్పుకున్నాడు.

బడి గడప తొక్కని నేను పెద్దయ్యాక సువా గ్రంథాలయంలోనే చదువు నేర్చాను. ఈ సంఖ్య విడిపోయేదే అయితే నూరు లోపు ఒక భాజకం దొరికి తీరాలని, దొరకకపోతే ప్రధాన సంఖ్యేనని అక్కడే తెలిసింది. కాగితం తీసుకొని నాయన ఆపిన చోట మొదలుపెడితే, డెబ్బై మూడు దగ్గరే విడిపోయింది. నాయన అప్పటికి లేడు. అంత దగ్గరికొచ్చి ఆయన లెక్క తప్పాడన్న ఆలోచన నన్ను నిలవనీయక, బస్సు పట్టుకొని అమ్మ దగ్గరికి పోయాను.

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

“తప్పలేదు పాపా. మీ నాయనకి మాలూమే. మీ మామ అమ్మ అక్కడ ఊళ్లో ఆడి దారి చూస్తా ఉండె. నెంబర్ టూటి విడిపోయిందంటే ఆడు మాట తప్పడు, ఈడే ఉండిపోతాడు.”

ఇప్పటికీ బస్సు మీద నెంబరు కనబడితే భాగించకుండా ఉండలేను. శేషం సున్నా వచ్చినప్పుడల్లా ఆ తడి రేకు కళ్ల ముందుకొస్తుంది. మనవడి మరలో జవాబు తుడిచెయ్యడానికి కూడా ఒక మీట ఉంది. వాడు దాన్ని ఆలోచించకుండానే నొక్కుతాడు.