నవంబరు కవరులో నాన్న పేరు

పోయిన ఆదివారం ఇక్కడ అమెరికాలో, మా నోవై ఊళ్ళో గుడికి వెళ్ళినప్పుడు, అర్చన చీటీ ముందు పెట్టుకుని పెన్ను పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయింది. ఈ గురువారం మా అమ్మాయికి టాన్సిల్స్ ఆపరేషన్. చిన్నదేనని, అదే రోజు ఇంటికి పంపించేస్తారని డాక్టరు చెప్పింది, మా ఆయన పదిసార్లు చెప్పాడు, అయినా నాలుగేళ్ళ పిల్లకి మత్తు ఇస్తారన్న మాట తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. అర్చన చేయిద్దామన్నదీ నేనే, తీరా దాని పేరు రాయలేక నిలబడిపోయిందీ నేనే. వెనక లైన్ పెరిగిపోతోంది. "రాసెయ్యవే, అందులో అంత ఆలోచించేదేముంది" అని మా ఆయన, "అమ్మా, నా నేమ్ ఫస్ట్ రాయి" అని చున్నీ పట్టుకు లాగుతూ అది. ఒకసారి నేను మా నాన్న పేరు కూడా ఇలాగే నమ్మకంగా కాగితం మీద రాసిచ్చానని వాళ్ళకేం తెలుసు.

పెళ్ళికి ముందు నేను ఐర్లండ్‌లో ఎమ్మెస్ చేశాను. నాలాగే చదువు పేరు చెప్పి దేశాలు పట్టిపోయినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కాలేజీ దగ్గర గది దొరకడం ఎంత కష్టమో. నాకు దొరికింది కాలేజీకి ముప్పావుగంట బస్సు దూరంలో, ఒకే వీధి ఉన్న పల్లెటూళ్ళో, ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇంట్లో. ఒక చర్చి, ఒక బడి, పోస్టాఫీసు కూడా లోపలే ఉన్న ఒక కొట్టు, ఆ పైన తడిసిన గడ్డీ ఆవులూ, అంతే ఊరు. ఆవిడకి ఎనభై దాటాయి. నేను పైకి ఆంటీ అనేదాన్ని, మనసులో మాత్రం మామ్మే. మన టీ లాగే చిక్కగా పాలు పోసిన టీ కాచేది, మూడో కప్పు వద్దంటే ఒంట్లో బాగాలేదా అని అడిగేది. పొద్దున్నే రేడియోలో ఆ చుట్టుపక్కల ఎవరెవరు పోయారో చదువుతారు, అది వచ్చే వేళకి ఆవిడ సౌండ్ పెంచేది, నేను కూడా చెంచా చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. మొదట్లో పొద్దున్నే ఈ చావుల గోలేమిటనిపించేది, తర్వాత తర్వాత నాకూ అలవాటైపోయింది.

అక్టోబరు చివర్లో ఒకరోజు ఆవిడ బల్ల మీద ఒక కాగితమూ కవరూ పెట్టింది. మీ వాళ్ళ పేర్లు కూడా రాయి, నవంబరు నెలంతా చర్చిలో బలిపీఠం మీద ఉంటాయి, ప్రతి పూజలోనూ ప్రార్థిస్తారు అంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాన్నకి గుండె ఆపరేషన్ నిశ్చయమై ఉంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. గుళ్ళో చీటీ రాసినట్టే నాన్న పేరు, అమ్మ పేరు, తమ్ముడి పేరు, చివర నా పేరు, ఒక్కొక్క పేరు పక్కన నక్షత్రం కూడా రాసి, కవరులో పెట్టి ఇచ్చాను. నవంబరు అక్కడ పోయినవాళ్ళ నెల అని, ఆ కవరు పోయినవాళ్ళ కోసమని నాకెవరూ చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని వాళ్ళకి మాత్రం ఎందుకు తడుతుంది?

రెండు వారాల తర్వాత ఫాదర్‌గారు టీకి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగారు. "ఒకేసారి నలుగురా తల్లీ? రోడ్డు ప్రమాదమా?" కాస్త ఆగి, పోయిన అమ్మాయిదీ నా పేరేనేమిటని కూడా అడిగారు.

సంగతి తెలిసి మామ్మ ముందు పగలబడి నవ్వింది. నా ముఖం చూసి టక్కున ఆపేసింది. నాన్న ఆపరేషన్ ఇంకో మూడు రోజుల్లో ఉంది. ఆ కవరు తీసెయ్యమని ఏడ్చాను. అక్కడ పెట్టినది నెల తిరక్కుండా ఎవరూ తియ్యరంది. అని ఊరుకోలేదు. కోటు తొడుక్కుని, ఇంకో కాగితం తీసి అందరికంటే పైన తన పేరు రాసుకుంది. ఆ వానలో వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నన్ను వెంటేసుకు తిరిగింది. కొట్టావిడ రాసింది, బస్సు డ్రైవరు రాశాడు, బడి పంతులమ్మ రాసింది. నిక్షేపంగా బతికున్న ముప్ఫైమంది తమ పేర్లు తామే పోయినవాళ్ళ కవరులో వేసుకున్నారు. "ఇంతమందిలో మీ నాన్నని వెతుక్కునేసరికి పైవాడికి క్రిస్మస్ వచ్చేస్తుంది, పద" అంది మామ్మ. ఫాదర్‌గారు ఆ కొత్త కవరు తీసుకుని, ఏమీ చూడనట్టే వెళ్ళి పెట్టేశారు.

నాన్న ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పటికీ మా ఊళ్ళో రోజూ పొద్దున్నే నడకకి వెళ్తున్నారు.

డిసెంబరు మొదటివారంలో నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మామ్మ కుర్చీలో అలాగే ఉంది, పక్కన టీ చల్లారిపోయి ఉంది. మర్నాడు రేడియోలో ఆవిడ పేరు చదివినప్పుడు సౌండ్ పెంచింది నేనే. ఆ ఊళ్ళో పోయినవాళ్ళని మట్టి చేసేదాకా ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలరు. గడియారం ఆపేశారు, ప్రాణం వెళ్ళే దారని కిటికీ ఒకటి తెరిచారు, ముందుగదిలో మూత తీసి ఉంచిన పెట్టె దగ్గర వంతులవారీగా కూర్చున్నారు. నాకు మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా వంతు వచ్చింది. ఆ గంటసేపూ చలికి వణుకుతూ నేను ఆవిడ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను, పైన తన పేరు రాసుకున్న వేళ్ళు. నా మనసులో ఏముందో కొట్టావిడ కనిపెట్టినట్టుంది. శాండ్‌విచ్ చేతిలో పెడుతూ, "ఎనభై ఆరేళ్ళమ్మా ఆవిడకి. ఆ ఘనత కూడా నువ్వు కొట్టెయ్యకు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఎనిమిదేళ్ళయినా, ఎక్కడ ఏ కాగితం మీద నా వాళ్ళ పేరు రాయాల్సివచ్చినా, నాన్న బదులు ఆవిడ వెళ్ళిందేమోనన్న చలి ఆ కిటికీలోంచి వచ్చినట్టే వస్తుంది.

మొన్న చలికాలం ఇక్కడ మా ఎదురింటి ముందు అంబులెన్స్ ఆగింది. ఎవరికి ఏమైందో మాకు తెలియదు. మంచు కరిగాక ఇల్లు అమ్మకానికని బోర్డు పెట్టినప్పుడు తెలిసింది, అక్కడొక పెద్దాయన ఉండేవాడట. గరాజ్ తలుపు లేచి కారు వెళ్తుంది, కారు వచ్చి తలుపు దిగుతుంది. నాలుగేళ్ళు ఎదురెదురుగా ఉండి నేనాయన ముఖం చూడలేదు.

చివరికి గుళ్ళో చీటీ రాశాను. మొదటి గీత మీద మామ్మ పేరు, దాని కింద మా అమ్మాయి పేరు. పంతులుగారు పై పేరు చూసి, గోత్రమేమిటమ్మా అన్నారు. తెలియదన్నాను. నక్షత్రమూ తెలియదన్నాను. పర్వాలేదని, ఇద్దరికీ కలిపి ఆయురారోగ్యాలు కోరుతూ మంత్రం చదివేశారు. ఆవిడ పోయిందని నేను చెప్పలేదు. పక్క గదిలో పిల్ల ఊపిరి వింటూ ఇది రాస్తుంటే అనిపిస్తోంది, ఆ ఊళ్ళో అయితే ఈపాటికి వీధి వీధంతా వానలో వచ్చి ఆ చీటీ మీద తమ పేర్లు రాసిపోయేది. ఇక్కడ పిల్ల పేరుకి తోడు రమ్మని పిలవడానికి నాకు తెలిసిన పేరు అదొక్కటే.