నా తెలుగు, వాడి తెలుగు

ఇదొక మహాయుద్ధం కథ. ఒకే సింహాసనం, ఇద్దరు వీరులు, ఒక భీకరమైన వేసవి. కుట్రలు, వెన్నుపోట్లు, చివర్లో ఎవరిదో తల తెగిపడటం.

ఇలా మొదలుపెడితే బాగుంటుందని మొదలుపెట్టాను గానీ, నిజం ఇక్కడే చెప్పేయడం మంచిది. సింహాసనమంటే ఒక సీఏ ఆఫీసులో ఆర్టికల్ సీటు. వీరులమంటే నేనూ, నా పక్కన కూర్చునే గుజరాతీ కుర్రాడూ. తల ఎవరిదీ తెగలేదు. ఏసీ కింద కూర్చోవడం వల్ల నాకు మెడ పట్టేసింది, అంతే.

సూరత్‌లో రింగ్ రోడ్డు మీద, చీరల మార్కెట్‌కు ఎదురుగా ఉంటుంది ఆఫీసు. కాలేజీ సెలవుల్లో ఇద్దరం ఇంటర్న్‌లుగా చేరాం. చేరిన కొత్తలోనే సీనియర్ ఒకాయన సమోసా తింటూ, "వేసవి అయ్యాక మీ ఇద్దరిలో సార్ ఒక్కణ్నే ఆర్టికల్‌గా ఉంచుకుంటారు" అని చెప్పి, ఇంకో సమోసా అందుకున్నాడు. సీఏ కావాలంటే ఎవరో ఒకరి దగ్గర ఆర్టికల్‌గా పని నేర్చుకోక తప్పదు. పైగా రైల్వేలో పనిచేసే మా నాన్న, మావాడు సీఏ ఆఫీసులో కుదురుకున్నాడని అప్పటికే క్వార్టర్స్ అంతా చెప్పేశారు. కాబట్టి ఆ ఒక్కడూ నేనే కావాలి.

అప్పటిదాకా పక్కవాడు మంచివాడే. సమోసా తర్వాత వాడు ఊపిరి పీల్చినా నాకు మండేది. సార్ వాణ్ని 'దీక్రా' అని పిలుస్తారు, అంటే కొడుకా అని. నన్ను 'భాయ్' అంటారు. ఆటోవాణ్ని కూడా భాయ్ అనే అంటారు. చాయ్‌వాలా వాడికి అడక్కుండానే అల్లం చాయ్ పోస్తాడు, నాకు కెటిల్ వంచితే వచ్చింది పోస్తాడు. వాడి డబ్బాలో మెత్తటి థేప్లాలు, అంటే మెంతికూర రొట్టెలు. నా డబ్బాలో పెరుగన్నం. సూరత్ ఎండలకి మధ్యాహ్నమయ్యేసరికి అది తన అభిప్రాయాలు తాను చెప్పడం మొదలుపెడుతుంది.

వాడి దగ్గర లేనిది నా దగ్గర ఒక్కటే ఉందని ధైర్యంగా ఉండేవాణ్ని. తెలుగు.

దానికీ ఒక రోజు వచ్చింది. ఖటోదరాలో ఒక లూమ్ యూనిట్‌కి వెళ్లి స్టాకు చూడాలి. అక్కడ నేల మీద కనబడే బట్టంతా యజమానిది కాదు. బయటి వ్యాపారులు నూలిచ్చి కూలికి నేయించుకునే బట్ట కూడా అక్కడే కలిసి పడి ఉంటుంది. ఏది ఎవరిదో నేసేవాళ్లను అడిగి విడదీసి రాసుకోవాలి. "కారీగర్లంతా తెలంగాణావాళ్లు, ఎవరు మాట్లాడతారు?" అన్నారు సార్.

"సార్, తెలుగు నా మాతృభాష" అని లేచి నిలబడ్డాను. జాతీయగీతం వచ్చినా అంత నిటారుగా నిలబడను. పక్కవాడు ఫైళ్లు తీసుకుని సార్ వెనకే కారు దగ్గరికి నడిచాడు.

కారులో దారంతా వాక్యం తయారుచేసుకున్నాను. మగ్గాల చప్పుడు మధ్య ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి, గొంతు సవరించుకుని అన్నాను: "నమస్కారమండీ. మేము ఆడిట్ నిమిత్తం వచ్చాము. దయచేసి ఈ వస్త్రం ఎవరికి చెందినదో తెలియజేయగలరా?"

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, పక్కాయనతో అన్నాడు. "సర్కారోళ్లు వచ్చిన్రు. ఏం మాట్లాడకు."

ఒకతను బయటికి వెళ్లిపోయాడు. మేం ఉన్నంతసేపూ తిరిగి రాలేదు.

"అయ్యో, కాదండీ. నేను కూడా తెలుగువాణ్నే."

"తెలుస్తున్నది సార్. టీవీల వార్తలు చదివినట్టే ఉన్నది."

అప్పుడు నా వెనక నుంచి ఒక గొంతు. "ఏంది కాకా, గిట్ల బుగులు పడ్తున్నవ్? మేం సర్కారోళ్లం కాదే. జర చెప్పు, గీ కుప్ప ఎవలది?"

వెనక్కి తిరిగి చూశాను. పక్కవాడు!

పెద్దాయన మొహం విచ్చుకుంది. "ఓర్నీ! నువ్వు ఏడోనివిరా?"

"గీ సూరత్‌లనే, ఉన్ ఏరియాల మా నాయిన లూమ్స్ నడుపుతడు. చిన్నప్పట్సంది మీ అసొంటోళ్ల నడుమనే పెరిగిన."

"గట్ల చెప్పవేంది మరి! అగో, గోడకున్నదంతా బయటి సేఠ్‌ది. నడుమ కుప్ప మా సేఠ్‌ది."

"మరి గా మెట్ల కింద?"

"గది ఎలకలది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, రెండు సెకన్లు ఆలస్యంగా. చాయ్ తెప్పించారు. పక్కవాడికి ఇచ్చాక పెద్దాయన దయతలిచి, "గా వార్తల సార్‌కు గూడ జర పొయ్యున్రి" అన్నాడు.

సీటు కోసం పోటీ పడితే పడ్డాడు. మా అమ్మ భాషలో కూడా వాడే ఫస్టు రావడం ఎక్కడి న్యాయం? తిరిగి వచ్చేటప్పుడు వాడు సార్ పక్కన ముందు సీట్లో. నేను వెనక, ఫైళ్లతో. వాడు వెనక్కి తిరిగి, "అన్నా, నీ తెలుగు మస్తుంటది. సమజ్ గాలేదు గానీ, మస్తుంటది" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే ఇంకా మండింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పుకున్నాను.

"ఇంట్లో నువ్వు మాట్లాడేదేముందిరా? 'కూరేంటి', 'చార్జరేదీ'. ఆ రెండు ముక్కలకి ఆ పిల్లాడు ఓడిపోవాలా?" అని, "ఓసారి భోజనానికి తీసుకురా పాపం. తెలుగు మాట్లాడతాడంటున్నావుగా" అంది.

ఇంట్లో కూడా సీటు పోయేట్టుంది. పట్టుదలగా అభ్యాసం మొదలుపెట్టి, అన్నం తింటూ నాన్నతో "జర ఉప్పు ఇటియ్యి" అన్నాను. ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు.

ఇంటర్న్‌షిప్ ఆఖరి రోజు సార్ ఇద్దర్నీ క్యాబిన్‌లోకి పిలిచారు. ఓడిపోతే పెట్టాల్సిన హుందా మొహం అద్దంలో చూసుకుని మరీ వెళ్లాను.

"ఇద్దరూ సోమవారం నుంచి వచ్చేయండి" అన్నారు సార్.

"ఒక్కణ్నే ఉంచుకుంటారని..."

"ఎవరన్నారు భాయ్?"

అద్దాల తలుపు అవతల సీనియర్ చాలా శ్రద్ధగా ప్రింటర్ తుడుస్తున్నాడు.

నాకు సీటొచ్చింది. ఎగిరి గంతేయాల్సింది. కానీ వాడికీ వచ్చింది కదా! వేసవంతా కుళ్లుకున్న కుళ్లంతా ఇప్పుడేం చేసుకోవాలి? పైగా సార్ పనులు పంచారు. లూమ్ యూనిట్లన్నీ దీక్రాకి. కారు, చాయ్, కాకాలు, తెలుగు, అన్నీ వాడికే. నాకు జీఎస్టీ రిటర్నులు.

వ్యాపారంలో ఆ నెల అమ్మకం ఒక్కటీ జరగకపోయినా రిటర్ను వేయాల్సిందే. దాన్ని నిల్ రిటర్ను అంటారు. అది ఆలస్యమైనా లేటు ఫీజు పడుతుంది. జరగని పోటీకి వేసవంతా నేను కుళ్లుకున్నదీ అలాంటి లెక్కే.