పడవ మీద రసమట్టం

సంఘమంతా కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుండగా ఒక దైవజనుణ్ణి నిలువునా తడిపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చదువుతున్నారు. అది నేనే. బకెట్టుతో తడపలేదు, కొళాయి గొట్టంతోనూ కాదు. నా విజ్ఞానంతో తడిపాను. పైగా మట్టం చూసి మరీ తడిపాను.

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. రాజోలు దగ్గర ఒక బడిలో పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఆదివారం పొద్దున్నే సంఘంలో పిల్లలకి వాక్యం చెప్పేవాణ్ణి. ఈ రెండూ తెలిసినవాడికి భూమ్మీద తెలియనిదంటూ ఉండదని నా గట్టి నమ్మకం. నీళ్ళ మీద సంగతి వేరని ఎవరూ చెప్పలేదు. చెప్పారు లెండి, నేనే వినలేదు. ఆ సంగతి ముందుంది.

మా మావయ్యగారు దేవసహాయంగారు పద్దెనిమిదేళ్ళు కువైట్‌లో వంటపని చేసి తిరిగొచ్చారు. అలా వచ్చినవాళ్ళందరూ డాబా కడతారు. ఈయన మాత్రం పర్యాటకుల్ని తిప్పి తిప్పి ముసలిదైపోయిన ఒక హౌస్‌బోటు కొన్నారు. దిండి దగ్గర గోదావరి గట్టుకి దాన్ని మోకుతో కట్టేసి, అత్తయ్యగారితో సహా అందులోనే కాపురం పెట్టేశారు. ఎవరైనా ఎందుకండీ అనడిగితే, "పద్దెనిమిదేళ్ళు ఇసకలో పడుకున్నానండి. మిగతావి నీళ్ళ మీద పడుకుందావని" అనేవారు. అంతకుమించి వివరం ఉండేది కాదు. వేసవి సెలవులకి నేనూ మా ఆవిడ శాంతీ ఆ పడవలోనే దిగేవాళ్ళం.

అక్కడ నాకు జరిగే మర్యాద చెప్పాలి. మా గోదావరి జిల్లాలో అల్లుణ్ణి మర్యాదతో చంపుతారు. నేను బకెట్టు ముట్టుకుంటే మావయ్యగారు పరిగెత్తుకొచ్చేవారు. "మీకెందుకండీ శ్రమ?" చీపురు పడితే అత్తయ్యగారు కంటతడి పెట్టినంత పనిచేసేవారు. మొదట్లో బాగానే ఉండేది. ఒకరోజు మావయ్యగారు పడవ చూసుకునే సరంగు సత్తియ్యతో అంటుండగా నా చెవిని పడింది.

"మా అల్లుడుగారు బాగా చదువుకున్నవారండి. పని రాదు, పాపం."

ఆ 'పాపం' నా గుండెలో ముల్లులా దిగబడింది. చేతనైన మనిషినని ఆయన నోట ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అనిపించుకోవాలని ఉపవాసముండి మరీ ప్రార్థించాను. ఆ ప్రార్థనకి జవాబుగా ఏసీ పాడయ్యింది.

అది కిటికీలో బిగించే పాతకాలపు ఏసీ. ఆన్ చేస్తే మండపేట రైసుమిల్లు పక్కన పడుకున్నట్టుండేది. మే నెలలో మా సంఘంలో మూడు రోజుల ఉజ్జీవ సభలు. విజయవాడ నుంచి వచ్చే ప్రసంగీకులవారికి బస మా మావయ్యగారి పడవలోనే అని సంఘం తీర్మానించింది. ఆయన శనివారం వస్తారనగా గురువారం ఏసీ ఒక్క దగ్గు దగ్గి ప్రాణం విడిచింది. మావయ్యగారు అమలాపురం వెళ్ళి ఆటోలో కొత్త ఏసీ వేయించుకొచ్చారు. బిగించే మెకానిక్కు మాత్రం దొరకలేదు. మే నెలలో ఏసీ మెకానిక్కు దొరకడం కంటే ఏట్లో జారిపోయిన ఉంగరం దొరకడం తేలిక.

"సోమవారం దాకా రాడంటండి," అన్నారు మావయ్యగారు నీరసంగా. "వచ్చే అయ్యగారు భారీ మనిషి. వేడి బొత్తిగా పడదు. రేత్రి నిద్ర లేకపోతే తెల్లారికి గొంతు లేవదంట."

నేను లేచి నిలబడ్డాను. "నేను బిగిస్తాను మావయ్యగారూ."

ఆయన నన్ను, గొర్రెపిల్ల సింహంతో కుస్తీకి దిగుతానంటే చూసినట్టు చూశారు. "మీకెందుకండీ శ్రమ?"

"శ్రమ కాదండీ. ఇది చిన్న భౌతికశాస్త్రం."

శాంతి నన్ను పక్కకి లాగింది. "ఏవండీ, మనింట్లో ఫ్యానుకి రెక్కలు మీరే బిగించేరు. గుర్తుందా?"

"ఉంది. తిరుగుతోంది కదా."

"తిరుగుతోందండీ. గాలి పైకి పోతోంది."

శుక్రవారం పొద్దున్నే పని మొదలుపెట్టాం. నేను, మావయ్యగారు, సత్తియ్య. ఆ పడవలో వంటిల్లు పోగా ఉన్నది ఒకటే పెద్ద గది. మధ్యలో తెర లాగితే పడకగది, తీసేస్తే హాలు. ఏసీ ఉన్నది ఏటివైపు గోడలో. దానికి ఎదురుగా గట్టువైపు గోడ. ఈ రెండు గోడలూ బాగా గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు కాబట్టే ఈ కథ.

పాత ఏసీ బోల్టులు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఇనుమూ చెక్కా ఏకశరీరమైపోయాయి. రెండు గంటలు పోరాడాం. నేను సుత్తితో ఒక దెబ్బ బోల్టు మీదా, ఒక దెబ్బ వేలి మీదా పక్షపాతం లేకుండా వేశాను. చివరికి ఏసీ ఊడి, సత్తియ్య పాదానికి బెత్తెడు దూరంలో పడింది. సత్తియ్య హిందువు. అయినా ఆ క్షణంలో "స్తోత్రం!" అన్నాడు. నా సాక్ష్యజీవితంలో అదొక్కటే చెప్పుకోదగ్గ ఫలితం.

కొత్త ఏసీని ఎత్తి కిటికీలో కూర్చోబెట్టాం. అప్పుడు నేను సంచిలోంచి నా ఆయుధం తీశాను. రసమట్టం. తాపీమేస్త్రీలు గోడలు సరిచూసుకునేదే, గాజుగొట్టంలో గాలిబుడగ ఉంటుందే, అది.

"చూడండి మావయ్యగారూ," అన్నాను, పదో తరగతి గొంతు పెట్టి. "ఏసీ లోపల నీళ్ళు ఊరతాయి. దాని వెనకభాగం బయటికి ఒక్క పిసరు వాలి ఉంటే ఆ నీళ్ళు గొట్టంలోంచి ఏట్లో పడతాయి. ముందుకి వాలిందా, గదిలో పడతాయి. అంతా వాలులోనే ఉంది."

"ఆయ్," అన్నారు మావయ్యగారు, మొట్టమొదటిసారి కాస్త గౌరవంగా.

మట్టం పెట్టి చూస్తే ఏసీ బయటికి మరీ ఎక్కువగా వాలి ఉంది. వెనక చెక్కముక్క పెట్టి లేపాను. చాల్లేదు. ఇంకోటి పెట్టాను. మూడోది కూడా కొట్టాక బుడగ సరిగ్గా నేను కోరుకున్న గీత దగ్గర ఆగింది.

సత్తియ్య తల గోక్కున్నాడు. "మాస్టారండీ, మనం ముగ్గురం ఇటేపే ఉన్నామండి. పాత మిసనూ ఇటేపే ఉందండి. పడవే ఏటేపు ఒరిగుందండి. ఆ బుడగ చూపిత్తంది ఏసీ వాలు కాదేమోనండి."

నేను జాలిగా నవ్వాను. "సత్తియ్యా, తేలే వస్తువుల పాఠం నేను ఏటా పిల్లలకి చెబుతాను."

"ఆయ్. పిల్లలకి చెప్పేరండి. పడవకి చెప్పలేదు కదండీ."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా విషయంలో మతి పోవడమే కాదు, పోతూ పోతూ తలుపు కూడా వేసుకుపోయింది. బోల్టులు బిగించేశాను.

ఆన్ చేశాం. చల్లగాలి మొహాన కొట్టింది. ముగ్గురం దాని కిందే నిలబడి, దేవదూత దిగొచ్చినట్టు చూస్తూ ఉండిపోయాం. మేం అక్కడే ఉన్నాం కాబట్టి పడవ అటే ఒరిగి ఉంది, కాబట్టి గొట్టంలోంచి నీళ్ళు టపటపమని ఏట్లోనే పడ్డాయి. మావయ్యగారు ఆ చప్పుడు విని తల పంకించారు. ఏదో అనబోయారు. నేను చెవులు రిక్కించాను. ఇంతలో అత్తయ్యగారు కాఫీ తెచ్చారు. అనలేదు. దైవజనులు వచ్చేదాకా ఎవరూ వాడకూడదని మాత్రం ఏసీ మీద దుప్పటి కప్పేశారు.

శనివారం మధ్యాహ్నం ప్రసంగీకులవారు దిగారు. భారీ మనిషి అంటే ఏమిటో అనుకున్నాను. ఆయన పడవలో కాలు పెడితే ఏట్లో అలలు పుట్టి అవతలి గట్టు దాకా వెళ్ళాయి. ఏసీ కిందున్న మంచం మీద పడుకుని మూడు గంటలు హాయిగా గుర్రుపెట్టారు. అంత బరువు ఏటివైపే ఉంటే ఇక నీళ్ళు లోపలికెలా వస్తాయి చెప్పండి? లేచి, "ఇంత చల్లదనం ఎక్కడా చూడలేదండి, బ్రదర్" అన్నారు. మావయ్యగారు నావైపు చూశారు. నేను అణకువ నటించాను. అణకువ నటించడం గర్వం కంటే పెద్ద పాపమని ఆ సాయంత్రమే తెలిసింది.

మాలో ఒక పద్ధతి ఉంది. కొత్త సైకిలు కొన్నా, మోటారు వేసినా, ఆఖరికి కొత్త మిక్సీ తెచ్చినా కృతజ్ఞత కూడిక పెట్టి ప్రార్థన చేయించుకోవాల్సిందే. కొత్త ఏసీకి మాత్రం తప్పుతుందా? సాయంత్రం అయిదింటికి సంఘమంతా పడవకి వచ్చింది. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చోవాలి. ఆడవాళ్ళకి గట్టువైపు చాపలు వేశారు, మగవాళ్ళకి ఏటివైపు. మూడో పద్ధతి ఎక్కడా రాసిలేదు గాని అందరూ పాటిస్తారు. ఆడవాళ్ళు ప్రార్థన మొదలవకముందే వస్తారు, మగవాళ్ళు ఆశీర్వాదం వేళకి వస్తారు. అందాకా గట్టుమీద కొబ్బరిచెట్ల కింద రొయ్యల ధర గురించి ధ్యానం చేసుకుంటారు.

కాబట్టి గట్టువైపు యాభైమంది అక్కలూ అమ్మలూ. ఏటివైపు మావయ్యగారు, నేను, సంఘపెద్ద జీవరత్నంగారు, ఏసీ కింద ప్రసంగీకులవారు. నలుగురం. బైబిల్లో జలప్రళయానికి ముందు ఓడ కట్టిన పితరుడు జంతువుల్ని కూడా ఇటూ అటూ చూసి ఎక్కించుకుని ఉంటాడు. మాకా తెలివి లేదు.

పడవ మెల్లగా గట్టువైపు ఒరిగింది. నేను గమనించాను. షర్బతుకని తెచ్చి నా కాలిదగ్గర పెట్టిన నిమ్మకాయ ఒకటి బయల్దేరి, ఆడవాళ్ళవైపు దొర్లుకుంటూ వెళ్ళిపోయింది. నా గుండె దాని వెనకే వెళ్ళింది.

"కళ్ళు మూసుకుందాం," అన్నారు ప్రసంగీకులవారు. ఏసీ మీద ఒక చెయ్యి వేసి, రెండో చెయ్యి పైకెత్తారు. "ప్రభువా, ఈ కుటుంబాన్ని..."

జనం ఎక్కడం మొదలైనప్పటి నుంచి గొట్టం దారి పట్టక నిలిచిపోయిన నీళ్ళన్నీ ఏసీలో అటా ఇటా అని ఆలోచిస్తున్నాయి. ఇటే అని తేల్చుకున్నాయి. బొళ్ళున ఆయన నెత్తిమీద పడ్డాయి.

ఆయన ప్రార్థన ఆపలేదు. విశ్వాసమంటే అదీ! "ఈ కుటుంబాన్ని బు... బుడ... బలపరచుము తండ్రీ" అంటూ సాగించారు. సంఘం కళ్ళు తెరవకుండా "ఆమెన్" అంది. కళ్ళు తెరిచి ఉన్నది నేనొక్కణ్ణే. ప్రార్థనలో కళ్ళు తెరిచినవాడికి దేవుడు చూపించే శిక్ష ఇలాగే ఉంటుందని పిల్లలకి చెప్పేవాణ్ణి గాని, ఇంత వెంటనే చూపిస్తాడనుకోలేదు.

గట్టుమీంచి సత్తియ్య కేక పెట్టాడు. "అమ్మా! ఆడోళ్ళంతా ఏటేపు వచ్చేయండమ్మా! పడవ ఒరిగిపోతంది!"

యాభైమందీ ఒక్కసారి లేచి ఇటువైపు పరిగెత్తారు. పడవ ఏటివైపు ఒరిగింది. నీళ్ళు టక్కున ఆగాయి. జీవరత్నంగారు కళ్ళు తెరిచి, చుట్టూ ఆడవాళ్ళని చూసి కంగారుపడ్డారు.

"ఏంటమ్మా ఇది? మా తాతగారి కాలం నుంచీ మగోళ్ళ వైపు ఆడోళ్ళు కూర్చున్నది లేదు! ఎవరి చోటుకి వాళ్ళు వెళ్ళండి!"

పెద్దాయన మాట కాదనలేక అందరూ వెనక్కి వెళ్ళారు. బొళ్ళున రెండో విడత పడింది.

"జీవరత్నంగారూ," అన్నారు ప్రసంగీకులవారు, మీసాల మీంచి నీళ్ళు తుడుచుకుంటూ. "మీ పద్ధతి మంచిదేనండి. నేను మాత్రం బాప్తిస్మం ఎప్పుడో తీసుకున్నానండి. అక్కగార్లని ఇటేపే కూర్చోనివ్వండి."

ఆ సాయంత్రం మా సంఘచరిత్రలో మొదటిసారి ఆడవాళ్ళు మగవాళ్ళ వైపు కూర్చున్నారు. నావల్లే. ఇంతవరకూ ఏ సంస్కర్తకీ సాధ్యం కానిది మూడు చెక్కముక్కలతో సాధించాను.

తుడుచుకోవడం అయ్యాక ఆయన అడగనే అడిగారు. "ఏసీ ఎవరు బిగించేరండీ?"

మావయ్యగారు నావైపు చూడకుండా చెప్పారు. "మా అల్లుడుగారండి. చదువుకున్నవారు." 'పాపం' అనలేదు. ఆ అనకపోవడమే ఎక్కువ వినపడింది.

బోల్టులు విప్పుదామంటే నన్ను దాని దగ్గరికి ఎవరూ రానివ్వలేదు. కాబట్టి సభలు అయ్యేదాకా పడవని ఏటివైపే ఒరగబెట్టి ఉంచాల్సి వచ్చింది. సభల భోజనాల కోసం తెచ్చిన బియ్యం బస్తాలన్నీ ఏసీ గోడవారన పేర్చాం. అందరం ఏటవాలుగా బతికాం. గిన్నెలో పులుసంతా ఒకవైపు, ముక్కలన్నీ ఒకవైపు. అత్తయ్యగారు పొయ్యి మీద గిన్నెని చేత్తో పట్టుకుని వండారు. ప్రసంగీకులవారు మంచంకోడు పట్టుకుని నిద్రపోయారు. ఆదివారం ప్రసంగంలో ఆయన తుఫానులో చిక్కిన పడవ గురించి చెబుతుంటే, అనుభవం మాట్లాడుతోందని అందరికీ తెలిసిపోయింది.

సోమవారం మెకానిక్కు వచ్చాడు. ఆయన్ని ఏసీ దగ్గరికి తీసుకెళ్ళి, ఏమంటాడోనని మావయ్యగారు, సత్తియ్య, నేను, ముగ్గురం ఆయన్ని ఆనుకునే నిలబడ్డాం. బస్తాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఆయన సంచిలోంచి తన రసమట్టం తీసి ఏసీ మీద పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరండీ బిగించింది?"

మావయ్యగారు ఏటికేసి చూశారు. నేను నేలకేసి చూశాను.

"నా సర్వీసులో ఇంత కరెక్టు మట్టం చూడలేదండి," అన్నాడాయన. "ఏసీలో లోపం లేదండి. మీ పడవే వంకరండి."

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నా మద్దెల ఓటిదేనని మెకానిక్కే స్వయంగా సర్టిఫికెట్టు రాసిచ్చాడు. సత్తియ్య నోరు తెరిచాడు. నేను రెండు చేతులూ జోడించి చూశాను. నోరు మూసేసుకున్నాడు. పడవ వంకర కాదు, బస్తాల బరువుకీ మా బరువుకీ ఒరిగిందన్న నిజం చెప్పాల్సింది నేనే. విశ్వాసిని, పిల్లలకి సత్యం బోధించేవాణ్ణి. వంగి బస్తా మీద దుమ్ము దులిపాను. ఆ మౌనానికి ప్రాయశ్చిత్తంగా తర్వాత రెండు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను.

మావయ్యగారు నావైపు తిరిగారు. రెండేళ్ళలో ఎన్నడూ చూడని వెలుగు ఆ ముఖంలో.

"అల్లుడుగారూ, ఏవనుకోకండి, వంటింట్లో గ్యాసుపొయ్యి కూడా వంకరగా ఉందండి. మీరో చెయ్యి వెయ్యాలండి."

ఆనందంతో నా కళ్ళు చెమర్చాయి. విశ్వాసి ఒట్టు పెట్టకూడదు. అందుకని ఒట్టు లేకుండానే, సంఘం ముందు నిలబడినంత గంభీరంగా ఆ రోజు ఒక నిర్ణయం తీసుకున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా, నీళ్ళ మీద తేలే ఏ వస్తువులోనూ మళ్ళీ రసమట్టం బయటికి తీయను. ఈ మాట ఇంతవరకూ తప్పలేదు. ఆ పొయ్యిని కూడా గట్టుమీదికి మోయించి, అక్కడ మట్టం చూసి, కాళ్ళు సరిచేశాకే తెచ్చి పడవలో పెట్టాను.