సార్ శిరివెళ్ల దాటే దాకా తోడి

ఆళ్లగడ్డలో మా కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన రోజూ రెండు పేపర్లుంటాయి. ఒకటి ఈ పార్టీది, ఇంకొకటి ఆ పార్టీది. మా మామ రెండూ చదవడు, వార్తలు టీవీలో చూస్తాడు. కొట్టుకొచ్చేవాళ్ళకి కనిపించడానికే అవి. మా దగ్గర మనిషి ఎటువైపో తెలియాలంటే ఇంటికి ఏ పేపర్ వస్తుందో చూస్తే చాలు. వ్యాపారం చేసుకునేవాళ్ళం, ఎటూ తేలకుండా ఉండటమే మాకు క్షేమం. ఆ క్షేమాన్ని చెడగొట్టింది నేనే, పాట పాడి.

నంద్యాలలో పుట్టి, పదేళ్ళు సంగీతం నేర్చుకుని, పెళ్ళయి ఈ కొట్టు వెనక ఇంట్లోకి వచ్చాను. ఆ తర్వాత నా పాట వంటిల్లు దాటలేదు. రెండేళ్ళ కిందట ఆ రెండు పేపర్లలో ఒకదాని విలేకరి వచ్చి, తమ పేపర్ ఏటా నంద్యాలలో సంగీతోత్సవం జరుపుతుందని, నన్నూ పాడమని అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మామ "దేవుని కీర్తనలే కదప్పా. దేవునికి పార్టీ యాడుంటాది? పోయి పాడిరా పాపా" అన్నాడు.

అక్కడే తప్పు చేశాం. పాట అయిపోగానే, అందరూ సార్ అని పిలిచే ఆ పార్టీ నాయకుడు వేదికెక్కి నా మెడలో కండువా వేశాడు. తంబురా ఒళ్లో ఉంది, చేతులు ఖాళీ లేవు, ఉన్నా ఏం చేసేదాన్ని? మర్నాడు రంగుల్లో ఫొటో. పార్టీ కండువాతో, పళ్ళికిలిస్తూ నేను. తొమ్మిదింటికల్లా అవతలి పార్టీ పెద్దమనిషి ఒకాయన కొట్టు ముందు నిలబడి, "ఏం శెట్టీ, కోడలు బాగా పాడిందంటనే. మా పేపర్లోనే రాల్యా" అని నవ్వి వెళ్ళాడు. మామ ఆ పూట అన్నం ముట్టలేదు.

దానికి ఆయన కనిపెట్టిన మందు వింటే మీరు నవ్వుతారు. "వాళ్ళ పేపరోళ్ళు ముగ్గుల పోటీ పెడ్తాండారంట. ఆడికీ పోయి ఒక ముగ్గేసి రా. సరిపోతాది." నాకు వచ్చిన ముగ్గు నాలుగు గీతలు. అయినా వెళ్ళి, ఎండలో నడుం పడిపోయేలా వంగి, వంకర మెడ నెమలి ఒకటి వేసి, ప్రోత్సాహక బహుమతిగా స్టీలు గిన్నె తెచ్చాను. ఆ ఫొటో కూడా పడింది. మామ రెండు ఫొటోలూ కత్తిరించి గోడమీద పక్కపక్కన అంటించాడు. చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

మరుసటి ఏడు పాడనన్నాను. విలేకరి ముఖం మాడ్చుకున్నాడు. "ఏందక్కా, ముగ్గుకు పోతావు, పాటకు రావా? సార్ అడిగితే నేనేం చెప్పల్ల?" పాడితే ఈ పార్టీ మనిషిని, మానేస్తే ఆ పార్టీ మనిషిని. మామ నా వైపు చూడకుండా "పోయిరామ్మా" అన్నాడు. ప్రాణం పెట్టి నేర్చుకున్న విద్య చివరికి కొట్టుకు కాపలా కాసే పనిలో చేరింది. ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను.

ఈ ఏడు మాత్రం గట్టిగా అనుకున్నాను, ఇదే ఆఖరని విలేకరి ముఖానే చెప్పేయాలని. మామకూ ఆ మాట చెప్పాను. ఆయన పప్పుల డబ్బాలు సర్దుతూనే, "చెప్పు పాపా. ఏమైతే అదైతాది. నీ గొంతు నీది" అన్నాడు. శిరివెళ్ల మీదుగా నంద్యాల చేరేదాకా బస్సులో ఆ మాటే వల్లించుకున్నాను.

కల్యాణమండపం నిండా జనం. పాట కోసం వచ్చినవాళ్ళు కాదు, పల్లెల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో పార్టీవాళ్ళు తోలుకొచ్చిన జనం. నాకిచ్చింది పది నిమిషాలు. తోడి రాగం కాస్త ఎత్తుకుని కీర్తనలోకి పోబోతుంటే విలేకరి వేదికెక్కి నా చెవి దగ్గర వంగాడు. "అక్కా, సార్ ఇంకా శిరివెళ్ల దాటల్యా. ఆపాకు, సాగదీయి."

సాగదీయాలట, ఇదేమన్నా రబ్బరా! ఆ కోపంలో మళ్ళీ రాగంలోకే పోయాను. వయొలిన్ ఆయన వింతగా చూసి, సరేనని వెంట వచ్చాడు. పది నిమిషాలు, ఇరవై, అరగంట. ఎవరూ ఆపమనలేదు. జన్మలో నాకెవరూ అంత సమయం ఇవ్వలేదు. ఇంట్లో అయితే ఈపాటికి కుక్కర్ కూసేది, ఎవరో ఒకరు పిలిచేవాళ్ళు. ముందు వరసలో ఒక ముసలామె పక్కావిడతో కబుర్లు ఆపి నన్నే చూస్తోంది. చిన్నప్పుడు గురువుగారు ఎంత తిట్టినా సరిగ్గా పలకని గాంధార స్వరం ఆ రోజు దానంతటదే పలికింది. పట్టరాని సంతోషం, ఎందుకో భయం కూడా.

బయట టపాకాయలు పేలాయి. జిందాబాద్‌లు మొదలయ్యాయి. జనమంతా లేచారు, ఆ ముసలామె కూడా. నేను ఇంకా ఆ గాంధారం మీదే ఉండగా ఎవరో నా ముందున్న మైకు లాగేసుకున్నారు. మెడలో కండువా పడింది.

కిందికి దిగాక విలేకరి చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "బతికించినావక్కా! వచ్చే ఏడుకు కూడా నీ పేరు రాసుకోనా?"

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. మామ కూడా సరేనన్నాడు, ఇక నాకు అడ్డం ఎవరూ లేరు.

"రాసుకోప్పా" అన్నాను. "అయితే ఒకటి. సార్‌ను తొందరగా రానీయాకు."